అక్షరానికి కూడా అంచు, కొంగు ఉండాలె



నేను ఎనిమిదో తరగతి వరకే చదివిన. అయినా సంఘం సెక్రటరీగా బోర్డులు, బిల్లులు, చీటీలు రాయించుడు నా పనే. అందుకే అక్షరాల గురించి రెండు మాటలు చెప్త.

ఇదివరకు మన షోలాపూర్‌ల సంఘం బోర్డు పెయింటర్ కుంచెతో రాసేటోడు. ఇప్పుడు కంప్యూటర్ల ఫాంట్లు వచ్చినయి. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన తెలుగు ఫాంట్లలో 'లక్కిరెడ్డి' అని ఒకటి ఉంది. చేతితో రాసినట్టు, ఆడుకుంటున్నట్టు ఉంటుంది. వ్యాపారానికి వాడుకున్నా పైసా కట్టే పని లేదు.

ఆగస్టు 7 చేనేత దినోత్సవానికి స్టాలు పెట్టినప్పుడు మా మనుమడు చీటీలన్నీ ఆ ఫాంట్‌లనే చేసిండు. పేరు, ధర, ఉతికే పద్ధతి అన్నీ అందులనే. చూడ ముచ్చటగా ఉన్నయి, నేనూ సరే అన్న. చిన్న అక్షరాలల్ల 'ప'కు, 'వ'కు తేడా తెలువలేదు. 'పట్టు అంచు' కాస్తా 'వట్టు అంచు' అయింది. అది నవ్వుకునేదే. కానీ ఒక పెద్దమ్మ 'మొదటిసారి విడిగా ఉతకాలి' అన్న లైను చదవలేక, చీరను తెల్లబట్టలతో కలిపి నానబెట్టింది. రంగు దిగింది, తెల్లబట్టలు పాడయినయి. తప్పు మాదే. ఆమెకు వేరే చీర ఇచ్చినం.

అప్పుడు నాకు సమజయింది. మనం పనితనమంతా కొంగుల, అంచుల చూపిస్తం. చీర మొత్తం కొంగే నేస్తే కట్టుకునుడెట్ల? ఈ అక్షరం కూడా కొంగు అసొంటిదే.

ఇప్పుడు మేం చేసేది ఇది. బ్యానర్ మీద, చీటీ పైన పేరు, పెండ్లి పత్రికల తలకట్టు, పిల్లల పోటీల సర్టిఫికెట్ – వీటికి ఆ ఫాంటు, పెద్ద సైజుల. ధర, ఫోన్ నంబరు, ఉతికే పద్ధతి, మీటింగు నోటీసు – వీటికి సాదా అక్షరం. అచ్చుకు ఇచ్చే ముందు ఇంట్ల ఉన్న ముసలమ్మతోని ఒకసారి చదివిస్తం. వేరేవాళ్లకు పీడీఎఫ్ చేసి పంపుతం. ఉత్తగ ఫైలు పంపితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్ల అక్షరం మారిపోతది.

ఒక్క ముచ్చట చెప్పి ముగిస్త. మా మనుమరాలు మరాఠీ మీడియం. తెలుగు మాట్లాడుతది, చదవరాదు. ఆ బ్యానర్ ముందర నిలబడి, "తాతా, ఈ బొమ్మ లెక్క ఉన్న అక్షరం ఏంది?" అని అడిగింది. 'చే' అని చెప్పిన. తర్వాత 'నే', తర్వాత 'త'. ఆ పొద్దు మూడు అక్షరాలు నేర్చుకుంది. మగ్గం మీద కూసునే పిల్లలు ఎట్లాగూ తక్కువయిండ్రు, కనీసం ఆ మాటనన్నా చదివేటోళ్లు మిగలాలె. మీ సంఘం బోర్డు మీద కూడా తెలుగు పేరు పెద్దగా, అందంగా రాయించండి.