పాతబస్తీలో ఇల్లు కొనేముందు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



హైదరాబాదు పాతబస్తీలో ఇల్లు కొనడం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. నేను ఉపన్యాసకుణ్ణి కాను. ముప్ఫై ఏళ్లు దస్తావేజులు రాసి పొట్ట పోసుకున్నవాణ్ణి. కాబట్టి కాగితాల సంగతే ఎక్కువ చెబుతాను. మన్నించాలి.

1591లో చార్మినారు కట్టిన నాటి నుంచీ ఆ చుట్టుపక్కల జనం కాపురముంటూనే ఉన్నారు. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి, పత్తర్‌గట్టీ వంటి రాతి కట్టడాలు వెలిశాయి. ఇంత చరిత్ర ఉన్నచోట ఇల్లు దొరికితే సంతోషమే. నడిచివెళ్లే దూరంలో మసీదు, బజారు, బంధువులు. అర్ధరాత్రి పిలిచినా పలికే ఇరుగుపొరుగు. ఇల్లుకంటే ముందు పొరుగును చూసుకోమని మన పెద్దలు ఊరికే అన్నారా? అయితే పొరుగు మంచిదైనంత మాత్రాన కాగితం మంచిదై పోదు. చిక్కంతా అక్కడే ఉంది.

పాతబస్తీలో ఎన్నో ఇళ్లు నోటరీ కాగితం మీదనే చేతులు మారాయి. స్టాంపు ఖర్చు కలిసొస్తుందని కొందరు, తాతలనాటి లింకు డాక్యుమెంట్లు దొరకక కొందరు ఆ దారి పట్టారు. నోటరీ ముద్ర చూసి మనం ధైర్యపడతాం. కాని ఆయన చేసేది ఫలానావారు సంతకం పెట్టారని ధృవీకరించడమే గాని, ఇంటిని మనకు ఇప్పించడం కాదు. వందరూపాయలు, అంతకుమించిన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావలసిందేనని చట్టం. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద జరిపిన అమ్మకాలతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇంకొక సంగతి గమనించండి. మనలో చాలామంది వడ్డీకి భయపడి బ్యాంకు అప్పు జోలికి పోరు. చిట్టీ పాడి, నగలమ్మి, గల్ఫులో ఉన్న కొడుకు పంపిన డబ్బు కూడబెట్టి రొక్కంగా కొంటారు. అది మంచిదే. కాని బ్యాంకు అప్పిచ్చేటప్పుడు దాని వకీలు కాగితాలన్నీ తిరగేసి చూస్తాడు. అప్పు తీసుకోనివారికి ఆ చూసేవాడు లేడు. అందుచేత మన వకీలును మనమే పెట్టుకోవాలి. లక్షలు పోసి కొంటూ వకీలు ఫీజు దగ్గర పిసినారితనం పనికిరాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇది నా తప్పు గనుక దాచకుండా చెబుతాను.

చాలాకాలం కిందట ఇద్దరు అన్నదమ్ములు తండ్రి ఇంటిని అమ్ముతూ నా దగ్గరికొచ్చారు. తొంభైఆరు గజాల ఇల్లు. తల్లి ఉంది, ఇద్దరు అక్కచెల్లెళ్లూ ఉన్నారని నాకు తెలుసు. "వాళ్ల సంతకాలు?" అని ఒక్కమాట అడగాలి. అడిగితే బేరం చెడుతుందేమో, నాకొచ్చే నాలుగు రూపాయలు పోతాయేమో అనుకుని ఊరుకున్నాను. ఏళ్లు గడిచాక చిన్న చెల్లెలు భర్తను పోగొట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని నా దుకాణానికి వచ్చింది. "భాయ్‌సాబ్, మా అబ్బాజాన్‌కు మేం నలుగురం పిల్లలం. మీ కాగితంలో ఇద్దరే ఎందుకున్నారు?" అంది. నేను తలెత్తలేకపోయాను. దావా పడింది. కొన్న మనిషి కూడా పేదవాడే, చెమటోడ్చి కొన్నవాడే. పాపం, అతడూ కోర్టు చుట్టూ తిరిగాడు.

లెక్క చూడండి. తండ్రి కాలం చేశాడు, ఆయన తల్లిదండ్రులు అంతకుముందే పోయారు. అప్పులూ వసీయతూ లేవనుకుందాం. భార్యకు ఎనిమిదో వంతు, మిగిలినదాంట్లో కొడుక్కు రెండు పాళ్లు, కూతురికి ఒక పాలు. తొంభైఆరు గజాల్లో తల్లికి 12, ఒక్కొక్క కొడుక్కి 28, ఒక్కొక్క కూతురికి 14 గజాలు. కొడుకులిద్దరూ కలిసి అమ్మగలిగింది 56 గజాలే. మిగతా 40 గజాలు ఆడవాళ్లవి. మన ధర్మంలో తండ్రి పోయిన క్షణాన్నే ఎవరి వాటా వారిదైపోతుంది. పెద్దకొడుకు సంతకం అందరి సంతకం కాదు. "చెల్లెలికి పెళ్లిలో ఇచ్చేశాం" అంటారు. పెళ్లి ఖర్చు వేరు, వారసత్వం వేరు. ఆమె ఇష్టపడి వదులుకుంటే వేరేమాట. అప్పుడు కూడా రిజిస్టరైన హక్కు విడుదల పత్రం ఉండాలి.

"మా నాన్న నోటిమాటగా హిబా చేశాడు" అని మరికొందరంటారు. మన చట్టంలో నోటి హిబా చెల్లుతుంది, నిజమే. కాని ఇస్తున్నానని చెప్పడం, తీసుకుంటున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం, ఈ మూడూ జరిగి ఉండాలి. రుజువు లేకపోతే కొన్నవాడే ఇబ్బంది పడతాడు.

మూడోది వక్ఫ్. దర్గా పక్కనో, ఆషుర్‌ఖానా వెనకో చవగ్గా ఇల్లు వస్తుందంటే తొందరపడకండి. వక్ఫ్ ఆస్తిని కొన్నా చెల్లదు, దేవుడి దగ్గరా జవాబు చెప్పుకోవాలి. వక్ఫ్ బోర్డులో విచారించండి. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో నిషేధిత ఆస్తుల జాబితా చూడండి, ఈసీ తీసుకోండి. ఇంటిపన్ను, నల్లా, కరెంటు బిల్లులు ఎవరి పేరున ఉన్నాయో చూడండి. అవి హక్కుకు రుజువు కావు గాని, కాపురమెవరిదో చెబుతాయి. రోడ్డు వెడల్పులో ఎంత పోతుందో కూడా అడగాలి. 2024 మార్చిలో పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన అయ్యాక ఈ విచారణ మరీ అవసరం.

చార్మినారు వంటి కేంద్ర రక్షిత కట్టడానికి వందమీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. మరమ్మతుకైనా అనుమతి కావాలి. పాతది పడగొట్టి మూడంతస్తులు వేద్దామని కలలుగంటూ అక్కడ కొనేవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

ఇంటి విషయం క్లుప్తంగా చెబుతాను. పాత గోడలు డంగుసున్నంతో కట్టినవి. వాటిపైన సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక గోడ ఉబ్బి రాలుతుంది. సున్నపు గోడకు సున్నమే మందు. ఇక కరెంటు తీగలు ఏనాటివో చూడండి, రెండో దారి ఉందో లేదో చూడండి. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర ఒక ఇంట్లో నిప్పంటుకుని పదిహేడుమంది, పసిపిల్లలతో సహా, ప్రాణాలు విడిచారు. లోపలికి పోయే దారి ఇరుకు. ఆ ఇంటివారు మన మతంవారు కారు. అయినా ఆ సందులు మనవే, ఆ దుఃఖమూ మనదే.

చివరగా సంఘం పెద్దలకు ఒక మనవి. నెలకొక ఆదివారం ఇక్కడ ఒక బల్ల వేయండి. ఒక వకీలు, ఒక దస్తావేజు లేఖరి కూర్చుని, ఇల్లు కొనేవారి కాగితాలు ఉచితంగా చూసిపెట్టాలి. లేఖరిగా నేనొస్తాను. ప్రతి కాగితం చూసేముందు "ఇంట్లో ఆడపిల్లలెందరు?" అని మొదట అడుగుతాను. ఆనాడు అడగవలసిన మాట ఇప్పుడైనా అడిగితే, ఇంకో చెల్లెలు పిల్లల్ని వెంటబెట్టుకుని రావలసిన అవసరం ఉండదు.

అల్లాహ్ మనందరికీ హలాలైన గూడు, మంచి పొరుగు ప్రసాదించుగాక. ఆమీన్. సెలవు.