పులికాట్ సమాధులు – మన ఖబరస్తాన్
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన శ్రీహరికోటకు దక్షిణాన, ప్రళయకావేరి సముద్రంలో కలిసే చోట పులికాట్ వున్నది. సంఘం తరఫున మేము కొందరం సూళ్లూరుపేట నుంచి పొన్నేరి మీదుగా వెళ్ళి, అక్కడి డచ్చివారి శ్మశానవాటికను చూసి వచ్చాము. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలు.

డచ్చివారు 1613లో అక్కడ గెల్డ్రియా కోట కట్టారు. 1690 దాకా కోరమాండల్ తీరంలో వారి ముఖ్యస్థానం అదే. మన నేత బట్టలు, అద్దకపు బట్టలు అక్కడినుంచే ఓడలెక్కి జావా దాకా పోయేవి. 1825లో అంతా ఇంగ్లీషువారి వశమైంది. ఇప్పుడు కోట శిథిలమై చెట్లలో కలిసిపోయింది. శ్మశానం మాత్రం నిలిచింది. ద్వారానికి రెండు పక్కలా రాతిలో చెక్కిన అస్థిపంజరాలు, లోపల 70కి పైగా సమాధులు, రాళ్లమీద పేర్లు, తేదీలు. కేంద్ర పురావస్తు శాఖ దాన్ని కాపాడుతున్నది. 2010లో సవరించిన చట్టం ప్రకారం చుట్టూ 100 మీటర్లలో కొత్త కట్టడం కట్టరాదు.

అయితే డచ్చివారు రాకముందే ఆ రేవులో ముస్లిం వర్తకులు వున్నారు. 17వ శతాబ్దంలో అదే రేవు నుంచి డచ్చివారు వేలమందిని బానిసలుగా బటావియాకు, అంటే నేటి జకార్తాకు పంపారు. ఆ పోయినవాళ్ళ పేరు చెప్పే రాయి అక్కడ మాకు ఒక్కటీ కనబడలేదు.

మరి మన సంగతి ఏమిటి? ఖబరు మీద కట్టడం వద్దన్నది మన పద్ధతి. మంచిదే. కాని నాలుగు వానలకు మట్టి కరిగిపోతుంది. గుర్తు లేని నేల ఖాళీ నేలలా కనబడుతుంది. అట్లాంటి చోట హద్దురాయి జరగడం ఎంతసేపండీ? మన సభ్యులొకరు కిందటేడు తమ నానీ ఖబరు వెతికి వెతికి, దొరకక, గేటు దగ్గరే ఫాతిహా చదివి వెనక్కి వచ్చారు.

అందుచేత మూడు పనులు తలపెట్టాము. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించడం ఒకటి. వక్ఫ్ రికార్డులో మన స్థలం సరిగా వున్నదో లేదో చూసుకోవడం రెండవది. మస్జిదులో ఒక రిజిస్టరు పెట్టి పేరు, తండ్రి పేరు, తేదీ, వరుస రాయడం మూడవది.

రిజిస్టరు కొన్నాము. వచ్చే జుమా నమాజు కాగానే రాయడం మొదలుపెడతాము. ఎవరి ఖబరు ఎక్కడున్నదో తెలిసిన పెద్దలు మీ ఇళ్ళల్లో వుంటే, దయచేసి చెయ్యి పట్టుకొని తీసుకురండి. ఖుదా హాఫిజ్.