ఆలుచిప్పను అడగండి

చర్ల, దుమ్ముగూడెం, బూర్గంపాడు వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన అమ్మానాన్నలకు, ఇవాళ పట్టా అందుకుంటున్న మీకు ఒక మాట.

నా పని నరాలతో. మనుషుల నరాలతో కాదు, నత్తలవి, చేపలవి. మెదడు సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్లు నత్త దగ్గరికి పోవడమేమిటని మీ పెద్దవాళ్లకు అనుమానం రావచ్చు. న్యాయమైన అనుమానమే. నాకిచ్చిన ఈ కాస్త సమయం దానికి జవాబు చెప్పడానికే వాడుకుంటాను.

మనిషి మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. కణం నుంచి సాగే పోగును ఆక్సాన్ అంటాం. మనలో అది వెంట్రుక కన్నా సన్నం. 1930లలో దాని లోపలికి ఎలక్ట్రోడు దూర్చడం ఎవరి తరమూ కాలేదు. స్క్విడ్ అనే సముద్రజీవికి మాత్రం, ప్రమాదం ఎదురైతే ఒక్క ఉదుటున నీళ్లు చిమ్మి పారిపోవడానికి, మిల్లీమీటరు దాకా లావుండే ఆక్సాన్ ఉంది. ఉత్త కంటికే కనిపిస్తుంది. 1936లో జె.జెడ్. యంగ్ ఆ సంగతి శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చారు. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దాని లోపలికి ఎలక్ట్రోడు పంపించారు. సోడియం లోనికి రావడం, పొటాషియం బయటికి పోవడం, ఈ రాకపోకలతోనే నరంలో కబురు నడుస్తుందని 1952లో లెక్క కట్టి చూపించారు. 1963లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు మీ కాలికి చీమ కుట్టినా మెదడుకు కబురు చేరేది ఆ పద్ధతిలోనే.

జ్ఞాపకం సంగతీ అంతే. ఎరిక్ కాండెల్ ఏప్లీసియా అనే సముద్రపు నత్తను ఎంచుకున్నారు. దానికి ఉన్నవి సుమారు 20,000 నాడీకణాలు, అందులోనూ కొన్ని చాలా పెద్దవి. తాకితే మొప్ప ముడుచుకుంటుంది. మళ్లీ మళ్లీ మెల్లగా తాకితే అలవాటుపడి పట్టించుకోదు. ఒక్కసారి గట్టిగా బెదరగొడితే ఆ తర్వాత చిన్న తాకిడికీ ఉలిక్కిపడుతుంది. ఆ నేర్పు రోజుల తరబడి నిలిచినప్పుడు కణాల మధ్య కొత్త అతుకులు పుడతాయని ఆయన చూపించారు. ఆయనకు నోబెల్ 2000లో వచ్చింది.

చేపల విషయం ఇంకొంచెం దగ్గరిది. మున్నేరు ఒడ్డున నిలబడి నీళ్లలో రాయి వేస్తే చేప ఒళ్లు విల్లులా వంచి మాయమవుతుంది. మౌత్నర్ కణాలని చాలా చేపల మెదడులో కుడికొకటి, ఎడమకొకటి పెద్ద కణాలుంటాయి. చప్పుడు వచ్చిన వైపు కణం ఒక్కసారి మోగితే చాలు, దాని ఆక్సాన్ అవతలి పక్కకు దాటి అటువైపు కండరాలన్నిటినీ ఒకేసారి బిగిస్తుంది. కన్ను రెప్పవేసేలోగా పని అయిపోతుంది. పారిపోవాలా వద్దా అన్న నిర్ణయాన్ని ఒక్క కణంలో చూడగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో పెంచే జీబ్రా చేప కూడా మన ఉపఖండపు వాగుల్లో, వరిచేలల్లో పుట్టిందే. దాని పిల్ల అద్దంలా పారదర్శకంగా ఉంటుంది కాబట్టి బతికున్న మెదడు పని చేస్తుండగానే సూక్ష్మదర్శినిలో చూడొచ్చు.

ఇవన్నీ దూరదేశాల కథలని అనుకోకండి. ఇక్కడ ఒక పేరు చెప్పాలి, పాఠ్యపుస్తకాలు సరిగా చెప్పని పేరు: కె. పంపాపతి రావు. 1950ల మొదట్లో అమెరికా పడమటి తీరంలో ఆయన ఆలుచిప్పల జాతికి చెందిన మస్సెల్ మీద పనిచేశారు. చల్లటి ఉత్తరపు నీళ్లలో పెరిగినవాటిని, వెచ్చటి లాస్ ఏంజిలిస్ దగ్గర పెరిగినవాటిని తెచ్చి ఒకే వేడిమి నీళ్లలో పెట్టి, అవి ఎంత నీరు తోడుతున్నాయో కొలిచారు. ఉత్తరపువే ఎక్కువ తోడాయి. చలిలో బతకాల్సిన ప్రాణి తన ఒంటి వేగాన్ని ముందే పెంచుకుని ఉంటుందన్నమాట. 1953లో ఆ వ్యాసం వచ్చింది. మరుసటి ఏడు నాడీశాస్త్రవేత్త థియొడోర్ బులక్‌తో కలిసి అదే దారిలో ఇంకో వ్యాసం రాశారు. తర్వాత తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆయనా, ఆయన శిష్యులూ తేళ్లు, నత్తలు, ఆలుచిప్పలు పట్టుకుని నరాల లయలు వెతికారు. వేసవిలో బురదలో దిగి, మూత బిగించి, వానదాకా నిద్రపోయే మన చెరువు నత్తగుల్ల మీద అదే తిరుపతిలో కె.ఎస్. స్వామి బృందం పనిచేసింది. ఆ నిద్రలో దాని ఒంట్లో ఏ మార్పులు వస్తాయో పరిశీలించింది. ఖరీదైన జంతువు ఒక్కటీ లేదు. అన్నీ కాలవగట్టున దొరికేవే.

ఆలుచిప్ప నీరు తోడేది మొప్పల మీది సన్నటి నూగుతో. ఆ నూగు వేగాన్ని నరాలు అదుపు చేస్తాయి: సెరటోనిన్ పెంచుతుంది, డోపమైన్ తగ్గిస్తుంది. చేతులు వణికే పార్కిన్సన్స్ జబ్బులో మనిషి మెదడు పోగొట్టుకునేది ఆ డోపమైన్ కణాలనే. ఈ అడవి అంచున మీకు తెలిసిన ఒక మొక్క ఇక్కడే గుర్తుకొస్తుంది. వెంపలి. దాన్ని దంచి మడుగులో కలిపితే చేపలు తేలతాయని పాత తరానికి తెలుసు. వెంపలిలోనూ, దాని బంధువుల్లోనూ రోటెనోన్, ఆ కుటుంబపు రసాయనాలున్నాయి. అవి కణం ఆక్సిజన్ వాడుకోకుండా అడ్డుపడతాయి. 2000లో అమెరికాలో ఒక బృందం రోటెనోన్‌ను ఎలుకలకు కొద్దికొద్దిగా రోజుల తరబడి ఎక్కిస్తే పార్కిన్సన్స్ లాంటి లక్షణాలే వచ్చాయి. ఆ జబ్బు గురించి నేటి అవగాహనలో ఆ ప్రయోగానికి పెద్ద చోటే ఉంది. మడుగు దగ్గర మొదలైన సంగతి మెదడు దాకా వచ్చింది. మడుగు సంగతి ముందు తెలిసినవాళ్లు కోయలు, కొండరెడ్లు, వాళ్లలాంటి అడవి జనం. మీలో చాలామంది ఆ ఇళ్ల పిల్లలే. మీ తాత చెప్పిన మొక్క పేరు, చేప పేరు, అది ఏ నెలలో ఎక్కడ దొరుకుతుందన్న ఎరుక, ఇవి మీరు పట్టాకు బయట వదిలేయాల్సినవి కావు. పరిశోధనకు అవే మొదటి మెట్టు. వేరే చోటి నుంచి వచ్చినవాడికి ఆ ఎరుక సంపాదించడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే జంతుశాస్త్రం చదివిన మీకు ఒక పని చెప్పి దిగిపోతాను. పంపాపతి రావు గారి ప్రశ్న ఇక్కడ అడగండి. కిన్నెరసాని ఎగువన చెట్ల నీడలో పారే వాగు ఆలుచిప్పలూ, ఖమ్మం పక్కన ఎండ తగిలే చెరువు ఆలుచిప్పలూ ఒకే సైజువి తీసుకోండి. ఒకే వేడిమి నీళ్లున్న రెండు గాజు తొట్లలో ఉంచి, మెత్తగా నూరిన బొగ్గుపొడి చిటికెడు కలపండి. పక్కన ఆలుచిప్ప లేని తొట్టి ఒకటి ఉండాలి, దానంతటది పొడి ఎంత దిగుతుందో తెలియడానికి. ఏ తొట్టిలో నీరు ముందు తేటపడుతుందో గడియారం పెట్టి చూడండి. కావలసింది ఒక థర్మామీటరు, ఓపిక. కిన్నెరసాని అభయారణ్యంలో నుంచి తేవాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి, చూడటం అయ్యాక వాటిని తెచ్చిన చోటే వదిలేయండి. ఏ తొట్టి ముందు తేటపడిందో నాకు రాయండి. రెండూ ఒకేసారి తేటపడితే అదీ రాయండి.