సేవా కార్యకర్త – మాట తీరు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యకర్తలకు ఇచ్చే మాట్లాడే శిక్షణ గురించి నాలుగు ముక్కలు చెప్పవలసిందని కార్యదర్శిగారు మమ్ము ఆదేశించినారు. "నోరున్నవాడికి మాట్లాడడం నేర్పేదేమున్నది?" అని కొందరు పెద్దలు నవ్వుకుంటున్న సంగతి మాకు తెలియకపోలేదు. స్టేజి ఎక్కి చేతులూపి, నాలుగు షేర్లు చదివి, వాహ్వా అనిపించుకోవడమే మాట్లాడడమైతే ఆ నవ్వు న్యాయమే. మన హైదరాబాదు గడ్డకు వక్తల కరువు ఎన్నడూ లేదు. నవాబ్ బహదూర్ యార్ జంగ్ 1944లో నలభై ఏండ్లయినా నిండకుండానే పోయినారు. ఆయన రాజకీయాల సంగతి వేరు, ఆయన వాగ్ధాటిని మాత్రం ఇప్పటికీ ఇండ్లలో చెప్పుకుంటారు. మనకు కావలసింది అటువంటి వక్త కాదు. దవాఖానా వరండాలో, తహసీలు కార్యాలయం కౌంటరు దగ్గర, ఇస్నాపూరు, ముత్తంగి కిరాయి గదుల గుమ్మాల ముందు నిలబడి, ఎదుటివారికి అర్థమయ్యేటట్టు, వారి మనసు నొవ్వకుండా మాట్లాడగలిగిన మనిషి కావలె.

జకాతు ఎవరెవరికి చెందుతుందో ఖుర్‌ఆన్ తౌబా సూరాలో ఎనిమిది వర్గాలుగా చెప్పింది. వాటిలో మూడవ వర్గం జకాతు వసూలు, పంపిణీ పనులు చూచే ఉద్యోగులది. బీదవాని పక్కనే వారినీ లెక్కలోకి తీసుకున్నదంటే, ఆ పని తీరికవేళ సరదాగా చేసేది కాదనే కదా అర్థం? పనివాడిని పెట్టుకున్న తరువాత వానికి పని నేర్పడం మన బాధ్యత. ఇక మూసా అలైహిస్సలాం సంగతి మీకు తెలిసినదే. ఫిరౌను దర్బారుకు పొమ్మని ఆజ్ఞ అయినప్పుడు ఆయన ఫౌజును అడగలేదు. తన మాట వారికి బోధపడేటట్టు నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. తనకంటె స్పష్టంగా మాట్లాడగల అన్న హారూనును తోడు ఇమ్మన్నారు. నత్తి ఉన్నదనో, స్టేజి భయమనో మన కుర్రవాళ్లు శిక్షణకు వెనుకాడుతున్నారు. వారి తల్లిదండ్రులు ఈ కథను ఇంట్లో మరొకసారి చెప్పవలసిందిగా కోరుతున్నాము.

మన ప్రాంతంలో ఈ పని ఎందుకు కష్టమో చూడండి. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్. కర్మాగారం 1960ల్లో వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. తరువాత పారిశ్రామికవాడలు పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం దాకా పాకినవి. ఒక్కొక్క దఫా కొత్త మనుషులు, కొత్త భాషలు. ఈనాడు ఒకే వరుస గదుల్లో బీహారువాడు, ఒడిశావాడు, యూపీవాడు, మన నారాయణఖేడువాడు పక్కపక్కన వండుకుంటున్నారు. మన ఇంటి భాష దక్కనీ. మనం మాట్లాడేదంతా ఉత్తరాదివారికి ఇట్టే తెలుస్తుందని మన నమ్మకం. 'పైసా', 'దవా' వరకు సరే. అక్కడినుంచి ముందుకు పోయి 'లవాహిఖీన్' అంటే బీహారు కూలీ తెల్లమొహం వేస్తాడు. 'వారసత్వ ధృవీకరణ పత్రం' అంటే మన ఆపాయే తెల్లమొహం వేస్తుంది. ఒడియా తల్లికి రెండూ ఒకటే. 2017లో చేసిన చట్టంతో ఉర్దూ రాష్ట్రమంతటా రెండవ అధికార భాష అయినది, సంతోషమే. కాని కౌంటరు ముందు కాగితం పట్టుకుని నిలబడ్డ బేవా వెంట చట్టం రాదు. పక్కన నిలబడి, తెలుగులో విషయం సూటిగా చెప్పి, గుమాస్తా చెప్పిన జవాబును ఆమె భాషలో ఆమెకు అప్పజెప్పే మనిషి ఉండవలె.

ఈ అవసరం ఎంతటిదో 2025 జూన్ 30న అందరికీ తెలిసివచ్చింది. ఆ ఉదయం పాశమైలారంలో, మందుబిళ్లల్లో వాడే పొడిని తయారుచేసే కర్మాగారం పేలిపోయింది. నలభైమందికి పైగా కార్మికులు చనిపోయినారు. ఎనిమిదిమంది ఆనవాలైనా దొరకలేదు. శవాలను పటాన్‌చెరు ప్రభుత్వాసుపత్రికి తెచ్చినారు. చాలా శవాలు గుర్తుపట్టరానంతగా కాలిపోవడంవల్ల డి.ఎన్.ఏ. పరీక్ష చేయవలసివచ్చింది. దూరదేశంనుంచి పరుగెత్తుకొచ్చిన తల్లి ముందు, "నమూనా ఇవ్వాలమ్మా" అన్న ముక్కను ఎట్లా చెప్పవలె? ఏ భాషలో చెప్పవలె?

మా శిక్షణలో ఈ ఒక్క సందర్భానికి ఒక పూటంతా కేటాయిస్తున్నాము. "ఏం కాదు, దొరుకుతాడు" అనకూడదు. అది మనకు తెలియని సంగతి, ఆమె పట్టుకుని వేలాడే ఆశ. కూర్చోకముందే "సబర్ చేయండి" అని కూడా అనకూడదు. సబర్ గొప్పదే, కాని కొడుకు బతికి ఉన్నాడో లేడో తెలియని తల్లికి మొదటి నిమిషంలోనే ఆ మాట చెబితే నోరు మూసుకొమ్మన్నట్టు వినిపిస్తుంది. ముందు కూర్చోబెట్టవలె. నీళ్లివ్వవలె. కొడుకు పేరు అడిగి, ఆ తరువాత ఆ పేరుతోనే మాట్లాడవలె. 'బాడీ', 'కేసు' అన్న మాటలు మన నోట రాకూడదు. అటు తరువాత, "అమ్మా, మొహం చూచి గుర్తుపట్టే వీలు లేదు. మీ రక్తం కొంచెం తీసుకుంటారు. తల్లి రక్తంతో బిడ్డను పోల్చి చెప్పే పరీక్ష ఉన్నది. కొన్ని దినాలు పడుతుంది" అని చెప్పవలె. భార్య వస్తే, ఆమె రక్తం ఈ పరీక్షకు పనికిరాదనీ, అతని తల్లిగాని తండ్రిగాని బిడ్డగాని, లేకుంటే తోడబుట్టినవారుగాని రావలెననీ చెప్పవలె. అదికూడా "నీది పనికిరాదు పో" అన్నట్టు కాదు. రక్తసంబంధం ఉన్నవారితోనే పరీక్ష కుదురుతుందని కారణం చెప్పి మరీ చెప్పవలె. ఇదంతా ముందుగా నేర్చుకోకుండా ఆ నిమిషంలో ఎవరికీ నోట రాదు.

డబ్బు మాట వచ్చినప్పుడు నాలుక ఇంకా జాగ్రత్తగా ఉండవలె. మృతుల కుటుంబాలకు కోటి రూపాయలు అందేటట్టు చూస్తామని 2025 జులై 1న ముఖ్యమంత్రి ప్రకటించినారు. టీవీలో ఆ మాట విన్న కుటుంబాలు, "ఎప్పుడిస్తారు? ఎక్కడిస్తారు?" అని ఎదురుపడ్డవారినల్లా అడుగుతాయి. ప్రకటన వేరు, చేతికందడం వేరు. ఎవరు చెప్పినారు, ఏ తారీఖున చెప్పినారు, ఏ కార్యాలయంలో అడగవలె, ఏ కాగితం వెంట తేవలె – కార్యకర్త చెప్పదగినవి ఈ నాలుగే. ఇ.ఎస్.ఐ. సంగతి కూడా ఇట్లాగే చెప్పవలె. అందులో పేరున్న కార్మికుడు పనిలో ప్రమాదంవల్ల చనిపోతే, ఆయన సగటు వేతనంలో 90 శాతం లెక్కన ఆధారపడ్డవారికి వాటాలుగా పింఛను వస్తుంది. ఈ సంగతి తెలిసిన భార్యలు మన బస్తీల్లో ఎంతమంది ఉన్నారు? భర్త పనిచేసే కాంట్రాక్టరు పేరే తెలియనివారు ఉన్నారు. "ఇ.ఎస్.ఐ. నంబరు ఉన్నదా?" అని అడిగితే లేదంటారు. "భాయి ఫోనులో కార్డు ఫోటో ఏదైనా ఉన్నదేమో చూతామా ఆపా?" అంటే దొరుకుతుంది. అడిగే తీరులోనే సగం పని ఉన్నది.

షాదీ ముబారక్ విషయం ఇంతకంటె చిన్నదిగా కనిపిస్తుందిగాని కొంపలు ముంచుతుంది. 2014 అక్టోబరు 2న 51,000 రూపాయలతో మొదలైన ఈ పథకం, తరువాత 75,116, 2018లో 1,00,116 అయినది. అమ్మాయికి 18 ఏండ్లు నిండి ఉండవలె. అందులో మినహాయింపు లేదు. మన కార్యకర్త దరఖాస్తు నింపి, "అయిపోయింది ఖాలా, వచ్చేస్తుంది" అని ఒక్క మాట అంటాడు. ఆ మాట నమ్ముకుని ఆ తండ్రి వడ్డీకి తెచ్చి పెండ్లి చేస్తాడు. సొమ్ము చేతికొచ్చేదాకా వడ్డీ ఆగుతుందా? అందుచేత 'వస్తుంది' అన్న మాటను మా శిక్షణలో నిషేధించినాము. 'పెట్టినాము, మంజూరు వారి చేతిలో ఉన్నది' అనవలె. మొదట్లో ఇది కఠినంగా ఉన్నదని కుర్రవాళ్లు అన్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం కఠినం కాదు, తరువాత మొహం చాటేయడమే కఠినం.

ఇప్పుడు పెద్దలకు కొంచెం కోపం తెప్పించే మాట చెప్పవలసి ఉన్నది. ఇచ్చి ఎత్తిపొడవడంకంటె ఒక మంచిమాట చెప్పి పంపడమే మేలని బఖరా సూరాలో ఉన్నది. మనం మైకులో పేరు, ఊరు, తండ్రి పేరు చదివి, బేవాను వేదికమీదికి పిలిచి, కుట్టుమిషను మీద ఆమె చేయి, ఆ చేయి పక్కన ఆరుగురు పెద్దల చేతులు పెట్టించి ఫోటో తీయిస్తాము. ఆమె మొహం ఎటు చూస్తున్నదో ఆ ఫోటోల్లో ఎప్పుడైనా గమనించినారా? రేషను పంచే రోజున తాను రాకుండా ఎనిమిదేండ్ల పిల్లవాడిని సంచి ఇచ్చి పంపే తల్లి ఎందుకు పంపుతున్నదో ఎవరైనా అడిగినారా? దాతలకు లెక్క చూపవద్దని మేము అనడం లేదు. ఎన్ని కుటుంబాలకు, ఎంత సొమ్ము, ఏ పనికి అన్నది పైసాతో సహా చదవండి. పేర్లు రిజిస్టరులో ఉండనీయండి. ఈ సావనీరులో అటువంటి ఫోటోలు వేయరనే అనుకుంటున్నాము. వేస్తే జవాబు సంపాదకవర్గమే చెప్పుకోవలె.

ఇక జుమా తరువాతి ప్రకటన. కార్ఖానానుంచి జుమాకు వచ్చే మనిషికి దొరికేది భోజనపు విరామమే. వచ్చిపోయే దారి కూడా అందులోనే. మనవాడు మైకును ఫూ ఫూ అని ఊది, "హలో, హలో" అని, సంఘం పుట్టుపూర్వోత్తరాలు మొదలుపెట్టేసరికి జనం చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం మాటలు ఎంచదలచినవారు ఎంచుకోగలిగేటంత నిదానంగా ఉండేవని హజ్రత్ ఆయిషా చెప్పినారు. ముఖ్యమైన మాటను మూడుసార్లు చెప్పేవారని హజ్రత్ అనస్ చెప్పినారు. ఖుత్బా పొట్టిగా ఉండడం మనిషి తెలివికి గుర్తని కూడా హదీసులో ఉన్నది. ఇంతకంటె గొప్ప పాఠ్యపుస్తకం మాకు దొరకలేదు. మేము నేర్పే ప్రకటన ఇట్లా ఉంటుంది: "ఇస్నాపూరులో ఒక కుటుంబం. ఇంటి యజమాని రెండు నెలలుగా మంచంమీద ఉన్నాడు. ముగ్గురు పిల్లలు. కిరాయికి, బియ్యానికి 18,000 కావలె. తలుపు దగ్గర పచ్చడబ్బా ఉన్నది. ఎంత వచ్చిందో వచ్చే జుమాకు చెప్తాము." ఇంతే. నిమిషం కూడా పట్టదు. ఆ వచ్చే జుమాకు చెప్పడం మాత్రం మానరాదు. డబ్బాలో రెండవసారి పడే రూపాయి దానిమీదనే ఆధారపడి ఉన్నది.

సమయం పాటించడానికి అమెరికావారి పద్ధతి ఒకటి అరువు తెచ్చుకున్నాము. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనా పట్టణంలో, వై.ఎం.సి.ఏ. అనే క్రైస్తవ సేవాసంస్థలో పనిచేస్తూ రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన టోస్ట్‌మాస్టర్స్ అనే మాటల క్లబ్బు పెట్టినాడు. అది దేశదేశాలకు పాకింది. వక్తకు ఎదురుగా పచ్చ, పసుపు, ఎరుపు దీపాలు వెలుగుతవి. ఎరుపు వెలిగితే ముగించవలె. ఒకరు కూర్చుని అతడు 'ఆ...', 'ఊ...' అని ఎన్నిసార్లు సాగదీసినాడో లెక్కపెడతారు. దీపాల బదులు మేము రంగు అట్టముక్కలు పెట్టుకున్నాము. ఈ రోజు మా ఎదుట ఎవరూ అట్ట పట్టుకోలేదు గనుకనే ఇంతసేపు మాట్లాడగలుగుతున్నాము.

మిగిలిన పద్ధతి సులువైనదే. ఆరేడుగురు గుండ్రంగా కూర్చుంటారు. ఒకరు బేవా అవుతారు, ఒకరు కార్యకర్త, ఒకరు "రేపు రా" అనే గుమాస్తా. గుమాస్తా వేషానికి మాత్రం మనవాళ్లు పోటీ పడుతున్నారు. కార్యకర్త చెప్పడం అయినాక, బేవా తనకేమి అర్థమయిందో తిరిగి చెప్పవలె. 'ఏ కాగితం, ఏ తారీఖు, ఏ ఆఫీసు' అన్న మూడింటిలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటినుంచి. తప్పు విన్నవారిది కాదు, చెప్పినవారిదేనన్నది అక్కడి కానూను.

ఆపాల సంగతి చెప్పి ముగిస్తాము. భర్త పోయిన ఇంట్లోకి వెళ్లి పక్కన కూర్చుని మాట్లాడగలిగేది ఆడవారే. ఇద్దత్ నాలుగు నెలల పది దినాలు. ఆఫీసుల గడువులు దానికోసం ఆగవు. ఏ కాగితం ఇప్పుడే కావలె, ఏది తరువాతైనా ఫరవాలేదు, సంతకం ఇంటి దగ్గరే పెట్టించవచ్చునా అన్నది తెలిసిన ఒక ఆపా ఆ ఇంటికి పోతే ఆ కుటుంబం హక్కు నిలుస్తుంది. పగటిపూట అవసరానికి గడప దాటవచ్చునా అని ఆమె అడిగితే, ఆ ప్రశ్నను ఇమాంసాబుగారి దగ్గరకు తేవలె; కార్యకర్త ఫత్వా చెప్పరాదు. తనకు తెలియని చోట "అడిగి చెప్తాను" అనడం, అడిగి నిజంగానే వెళ్లి చెప్పడం కూడా శిక్షణలో భాగమే.

కొత్త బ్యాచి ఆదివారంనాడు జుహర్ నమాజు తరువాత మొదలై అసర్ లోపల ముగుస్తుంది. ఆడవారికి వేరే గది, నేర్పేది కూడా ఆపాయే. ఒడియాగాని బెంగాలీగాని వచ్చినవారు మీ మొహల్లాలో, మీ షిఫ్టులో ఎవరున్నా, మన సంఘం సభ్యులు కాకపోయినా సరే, పేరు, ఫోను నంబరు కార్యదర్శిగారికి ఇవ్వండి. ప్రస్తుతం మాకు ఆ రెండు భాషలవారే లేరు. చాయ్ సంఘం ఖర్చు. బిస్కెట్ల విషయం కోశాధికారిగారు ఇంకా తేల్చలేదు.