చేతికి మళ్ళీ పని నేర్పాలి



మా అక్క కూతురు ఆక్యుపేషనల్ థెరపీ చదువుతోంది. మొన్న సెలవులకు కడప వచ్చి, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేసిన ముచ్చట్లు చెప్పింది.

ఆలూరు వైపు నుంచి వచ్చిన ఒకామెకు కొడవలితో చెయ్యి తెగితే వేళ్ళ స్నాయువులు కుట్టారట. గాయం మానింది గానీ వేళ్ళు బిగుసుకుపోయాయి. రవిక హుక్కులు పెట్టుకోలేక ఆమె అవస్థపడుతుంటే, మా పిల్ల జాలిపడి తానే పెట్టబోయింది. "నేర్చుకోవలసింది నీ చెయ్యి కాదమ్మా, ఆమె చెయ్యి" అని పెద్ద థెరపిస్టు ఆపిందట. తర్వాత ఆమెనే అడిగారు, ఇంట్లో ఏ పని చేసుకోవాలని ఉందని. "జొన్నరొట్టె తట్టాల" అందట. ఇక అదే వైద్యమైంది. ముందు మెత్తని ముద్ద పిసకడం, తర్వాత శనక్కాయలు ఒలవడం, చివరకు పిండి తట్టడం.

1948లో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠువ్యాధితో వంగిపోయిన వేళ్ళకు ఆపరేషన్లు మొదలుపెట్టారు. అక్కడా అంతే. ఆపరేషన్ సగం, చేతికి పని నేర్పడం సగం.

మనమేమో ప్రేమకొద్దీ రోగి చేతిలో పని లాగేసుకుంటాం. డాక్టరు వద్దన్నన్నాళ్ళూ చెయ్యి కదిలించవద్దు. సరేనన్నాక మాత్రం గిన్నెడు శనక్కాయలు ముందు పెట్టి, పక్కన కూర్చోండి. ఆలస్యమైనా ఒలవనివ్వండి. స్పర్శ తెలియని చెయ్యైతే పొయ్యి దగ్గరికి మాత్రం పోనివ్వకండి.