కుళాయి నీళ్ళు - ఆకాశపు గనులు



పది వాటాల ఇల్లు, ఒకటే కుళాయి. నీళ్ళు వదిలేది గంటసేపు. మొదటి వాటావారు మోటారు బిగించి డ్రమ్ములన్నీ నింపేసుకుంటారు. చివరి వాటా ఇల్లాలు బిందె పెట్టేసరికి సన్నని ధార, ఆపైన గాలి చప్పుడు. అడిగితే, "కుళాయి అందరిదీ నమ్మా, మా డ్రమ్ములో పడ్డ నీళ్ళు మాత్రం మావి" అంటారు. సరిగ్గా ఇదే మాట ఇప్పుడు దేశాల మధ్య ఆకాశం గురించి నడుస్తోంది!

సూర్యుని చుట్టూ తిరిగే గ్రహశకలాలు లక్షల్లో ఉన్నాయి. కొన్నింటిలో ఇనుము, నికెల్, ప్లాటినం వంటి లోహాలున్నాయి. ఇంతవరకు మనుషులు తెచ్చుకున్నది చిటికెడే. జపాను 2020లో ర్యూగూ నుంచి తెచ్చింది 5.4 గ్రాములు, అంటే కాసు బంగారమంత బరువైనా లేదు. అమెరికా 2023లో బెన్నూ నుంచి తెచ్చింది 121 గ్రాములు. ఈ మాత్రానికే తగవెందుకంటారా? పంపకాల మాట సరుకు ఇంటికి రాకముందే తేల్చుకోవాలి. వచ్చాక బలమున్నవాడిదే మాట.

ఆకాశంలోని గోళాలను ఏ దేశమూ సొంతం చేసుకోరాదనీ, అక్కడ చేసే పని అన్ని దేశాల మేలు కోసం ఉండాలనీ 1967 ఒప్పందం చెప్పింది. తవ్వి తీసిన ఖనిజం ఎవరిదో స్పష్టంగా చెప్పలేదు. ఆ సందు చూసుకుని 2015లో అమెరికా, 2017లో లక్సెంబర్గ్, తీసినవారికే అది దక్కేలా చట్టాలు చేసుకున్నాయి. డ్రమ్ములో పడ్డ నీళ్ళన్నమాట!

1979 చంద్ర ఒప్పందం వేరే దారి చూపింది. ఈ సంపద మానవజాతి ఉమ్మడి ఆస్తి, పంపకంలో వర్ధమాన దేశాల అవసరాలూ చూడాలి, కష్టపడినవారి శ్రమా చూడాలి అంది. న్యాయమైన మాటే. కాని అందులో పట్టుమని ఇరవై దేశాలైనా చేరలేదు.

మనకేం పోయిందనుకోకండి. ప్రపంచంలో ప్లాటినం ఎక్కువగా తవ్వేది దక్షిణాఫ్రికా. రేపు ఆకాశం నుంచి అది కుప్పలుగా దిగి ధర పడిపోతే, అక్కడి గని కార్మికుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగేదెలా?

దారి లేకపోలేదు. ఇద్దరు పిల్లలకు ఒకటే మైసూరుపాకు ఉంటే, ఒకణ్ణి ముక్కలు చెయ్యమని, రెండోవాణ్ణి ముందు ఏరుకోమంటాం కదా! సముద్రగర్భంలోని లోహపు ముద్దల విషయంలో అలాంటి పద్ధతే ఉంది. తవ్వుతామన్నవారు సమాన విలువగల రెండు భాగాలు చూపాలి. అందులో ఒకటి వర్ధమాన దేశాల కోసం అట్టేపెడతారు. జమైకాలోని అంతర్జాతీయ సంస్థ దీన్ని చూసుకుంటుంది. ఆకాశానికీ ఇలాంటి ఏర్పాటు ఎందుకుండకూడదు?

ఇక మన సంగతి. భారతదేశం చంద్ర ఒప్పందంపై 1982లో సంతకం చేసింది గాని ఇంకా ఆమోదించలేదు. 2023 జూన్‌లో అమెరికా ముందుండి నడిపే ఆర్టెమిస్ ఒప్పందాల్లో చేరింది. అదే ఏడాది ఆగస్టులో చంద్రయాన్-3 చంద్రునిపై దిగింది. ఆనాడు మనమంతా పొంగిపోయాం. అంటే, ఒకప్పుడు చివరి వాటాలో బిందె పట్టుకుని నిలబడ్డ మన చేతికీ మోటారు వచ్చిందన్నమాట.

అమ్మా, మోటారు లేనప్పుడు న్యాయం అడగడం తేలికే. మోటారు వచ్చాక కూడా చివరి వాటా ఆవిడ మనకు గుర్తుంటుందా? ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలతో ఈ మాట కదిపి చూడండి. రేపు ఆ రాకెట్లు నడిపేదీ, ఆ సంతకాలు చేసేదీ వాళ్ళే కదా!