తిరిగి డ్యూటీకి వచ్చిన నర్సు

ఈ రోజు నర్సింగ్ పట్టా అందుకుంటున్న పిల్లలందరికీ నా అభినందనలు.

ఇలాంటి వేదికల మీద మహనీయుల జీవితాల గురించి చెప్పడం రివాజు. నేను ఒక కొరియన్ సీరియల్ గురించి, అందులోనూ దాని ముగింపు గురించి మాట్లాడతాను. మీలో చాలామంది హాస్టల్ గదుల్లో ఫోన్ పట్టుకుని ఆ సీరియళ్లు చూస్తారని నాకు తెలుసు. చూడండి, తప్పేమీ లేదు. ఈ ఒక్కదాన్ని మాత్రం పాఠ్యపుస్తకం చదివినంత శ్రద్ధగా చూడమంటాను, ఎందుకంటే అది మీ వృత్తి కథ.

దాని పేరు ‘డైలీ డోస్ ఆఫ్ సన్‌షైన్’. 2023 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది, 12 భాగాలు. మానసిక వార్డులో నర్సుగా పనిచేసిన లీ రా-హా గీసిన వెబ్‌టూన్ దానికి ఆధారం. లోపల పనిచేసిన మనిషి చెప్పిన కథ కాబట్టే ఆ వార్డు కిటికీలకు కర్టెన్లు ఎందుకు ఉండవో, రోగి చేతికి ఏ వస్తువు ఇవ్వొచ్చో ఏది ఇవ్వకూడదో లాంటి విషయాలు అందులో చక్కగా కుదిరాయి.

అందులో జంగ్ దా-యున్ అనే నర్సు ఉంటుంది. పార్క్ బో-యంగ్ ఆ పాత్ర వేసింది. జనరల్ మెడిసిన్ వార్డులో ఆమె ఒక్కో రోగి దగ్గర ఎక్కువసేపు ఆగిపోతుంది. మిగిలిన పని మా నెత్తిన పడుతోందని తోటి నర్సులు విసుక్కుంటారు. ఆమెను మానసిక వార్డుకు మారుస్తారు. అక్కడ ఆమెకు దగ్గరైన రోగుల్లో కిమ్ సియో-వాన్ ఒకడు. ప్రభుత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి పరీక్షలు రాసి, మళ్లీ మళ్లీ తప్పి, చివరికి తాను ఒక వీడియో గేమ్ లోకంలో ఉన్నానని నమ్మడం మొదలుపెట్టిన కుర్రాడు.

హైదరాబాదులో ఆ కుర్రాడు మనకు కొత్తవాడు కాదు. అశోక్‌నగర్ సందుల్లో, చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీ మెట్ల మీద వాణ్ణి రోజూ చూస్తాం. తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ 2022 అక్టోబరులో జరిగింది. ప్రశ్నపత్రాల లీకు బయటపడి 2023 మార్చిలో అది రద్దయింది. జూన్‌లో మళ్లీ పెట్టారు. సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. ఒక్క నోటిఫికేషన్ కింద రెండుసార్లు పరీక్ష రాసి, రెండుసార్లూ లేదనిపించుకున్న పిల్లలు ఈ పాతబస్తీ ఇళ్లలోనూ ఉన్నారు. వాళ్లలో ఎవరైనా రేపు నిద్ర పట్టడం లేదని మీ ఓపీకి వస్తే, ఆ నిద్రలేమి వెనక ఎన్నేళ్లు ఉన్నాయో కేస్ షీటులో కనపడదు. కూర్చోబెట్టి అడగాల్సింది మీరే.

సియో-వాన్ డిశ్చార్జి అయి వెళ్లాడు. తర్వాత ప్రాణం తీసుకున్నాడు. దా-యున్ ఆ దెబ్బకు తట్టుకోలేకపోయింది. తిండి, నిద్ర, మాట అన్నీ దూరమయ్యాయి. చివరికి కన్నతల్లే తీసుకెళ్లి వేరే ఆసుపత్రి మానసిక వార్డులో చేర్చింది. నిన్నటిదాకా మందులు పంచిన చెయ్యి ఇప్పుడు మందు కోసం చాచాలి. ‘నేను నర్సుని, వీళ్లలాంటిదాన్ని కాదు’ అనే పంతం ఆమెను చాలా రోజులు వదల్లేదు. రోగుల పక్కన కూర్చుని, అందరిలాగే తానూ జబ్బుపడ్డానని ఒప్పుకున్నాకే కోలుకోవడం మొదలైంది. ఆ సీరియల్లో ఇదే గొప్ప ఘట్టమని చాలామంది అంటారు. నాకు మాత్రం ఆ తర్వాత వచ్చేది ఇంకా గొప్పగా తోచింది.

ఆమె డిశ్చార్జి అయి తన పాత వార్డుకే తిరిగి వస్తుంది. ఈ నర్సు డిప్రెషన్‌తో చికిత్స తీసుకుందని రోగుల బంధువులకు తెలుస్తుంది. గొడవ చేస్తారు. పిచ్చి మనిషి చేతిలో మా పిల్లల్ని పెట్టలేమంటారు. ఆ మాట అంటున్నది ఎవరో గమనించండి. తమ ఇంట్లోనే మానసిక రోగి ఉన్నవాళ్లు, వీధిలో ఆ మాట పడి ఏడ్చినవాళ్లు! అప్పుడు హెడ్ నర్స్ సాంగ్ హ్యో-షిన్ ఆమె పక్షాన నిలబడుతుంది. ఆ హెడ్ నర్స్ చెల్లెలికి స్కిజోఫ్రీనియా. ఆ మాట ఎంత లోతుగా కోస్తుందో ఆమెకు తెలుసు. చివరి భాగంలో దా-యున్ మళ్లీ డ్యూటీలో ఉంటుంది.

జబ్బు పూర్తిగా పోయిందని ఆ ముగింపు మనకు హామీ ఇవ్వదు. ఆమె తిరిగి వచ్చింది, వార్డు ఆమెను తిరిగి తీసుకుంది. అంతే చెబుతుంది. అందులో మొదటి సగం రోగి ధైర్యం. రెండో సగం తోటివాళ్ల ధైర్యం. మన దగ్గర ఎక్కువసార్లు లోపించేది ఈ రెండోదే.

హైదరాబాదులో ఎవరి మీదైనా కోపం వస్తే ‘నిన్ను ఎర్రగడ్డలో వెయ్యాలి’ అంటాం. మనలో ఆ మాట వినకుండా పెరిగినవాళ్లు లేరు. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు క్లినికల్ పోస్టింగుకు వెళ్లొచ్చిన విద్యార్థులకు అక్కడ ఉన్నది ఎవరో తెలుసు. బిడ్డ పుట్టాక కుంగిపోయిన తల్లి, దుకాణం మూతపడ్డాక మాట ఆగిపోయిన మనిషి, గొంతులు వినపడుతున్నాయని భయపడే డిగ్రీ కుర్రాడు. జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో లెక్క తీస్తే పెద్దవాళ్లలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారని తేలింది. సమస్యను బట్టి వాళ్లలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా తేలింది. ఇంతమంది డాక్టరు గడప తొక్కకపోవడానికి ఆసుపత్రులు చాలకపోవడం ఒక కారణం. ఆ గడప తొక్కితే వీధిలో ఏ పేరు పడుతుందో అన్న భయం ఇంకో కారణం. ఆ భయం మీకూ ఉంటుంది, పట్టా చేతిలో ఉన్నంత మాత్రాన పోదు.

ఈ బస్తీలో చాలా కుటుంబాలు ముందు దర్గాకు వెళ్తాయి, తాయెత్తు కట్టించుకుంటాయి, ఆ తర్వాతే మీ దగ్గరికి వస్తాయి. ఆలస్యం చేశారని వాళ్లను కసురుకోకండి. అక్కడ వాళ్ల బాధ ఎవరో ఒకరు విన్నారు, తలమీద చెయ్యి వేశారు. మీ దగ్గర మందుతో పాటు అదీ దొరికితే మళ్లీ వస్తారు. కసిరితే మందు సగంలో మానేస్తారు.

లాంప్ లైటింగ్ రోజున మీరు ఎవరి పేరు మీద ప్రమాణం చేశారో ఆమె గురించి ఒక మాట. క్రిమియా యుద్ధంలో దీపం పట్టుకుని తిరిగిన ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను మనకు చూపిస్తారు. యుద్ధ భూమిలోనే 1855లో ఆమె తీవ్రమైన జ్వరం పాలైంది. ఇంటికి వచ్చాక దశాబ్దాల పాటు ఆరోగ్యం కుదుటపడలేదు, చాలా కాలం మంచం పట్టింది, మనసూ కుంగింది. నర్సింగ్ గురించి ఆమె రాసిన పుస్తకమూ, 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో మొదలైన శిక్షణ పాఠశాలా ఆ జబ్బు కాలంలోవే. మన వృత్తికి మూలపుటమ్మ అనుకునే మనిషి ఎన్నో ఏళ్లు రోగిగా గడిపింది. దీపంతో పాటు ఆ మంచాన్ని కూడా బొమ్మలో వేసి ఉంటే, జబ్బుపడ్డ నర్సులు ఇంత సిగ్గుపడేవాళ్లు కాదు.

దెబ్బతిన్నాక తిరిగి నిలబడడం ఎలాగో చూడడానికి ఇక మన మూసీ ఒడ్డుకు వద్దాం. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరదలో 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు ఉంది, పోస్టింగులో మీరు దాని నీడన టిఫిన్ తినే ఉంటారు. ఆ రోజు దాదాపు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. రోగులను కాపాడాల్సిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రే ఆ వరదలో దెబ్బతింది.

అదే వరదలో అమ్జద్ హైదరాబాదీ అనే ఉర్దూ కవి తల్లినీ భార్యనూ కూతురినీ పోగొట్టుకున్నాడు. తానొక్కడే మిగిలాడు. ఆ రాత్రి గురించి కవిత రాశాడు. ఆ తర్వాత 1961 దాకా, అంటే ఇంకో 50 ఏళ్లకు పైగా బతికాడు. రుబాయీలు రాసి ఉర్దూ లోకంలో పేరు తెచ్చుకున్నాడు. ఆయన ఆ ముగ్గురినీ మరిచిపోయాడని ఎవరూ అనలేరు, మరిచిపోయిన మనిషి ఆ కవిత రాయడు. దుఃఖం తీరాకే పని మొదలుపెడతానని కూర్చోలేదు. దా-యున్ ముగింపు చూస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఆయనే. సియో-వాన్ పోయిన బాధ ఆమె దగ్గరే ఉంది, దానితోనే మళ్లీ డ్యూటీకి వచ్చింది.

వరద తర్వాత ఈ నగరం చేసిన పని మీ ఆసుపత్రుల పెద్దలు కూడా వినాలి. పోయిన ఆసుపత్రికి బదులుగా నది ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి కట్టారు. ఎదుటి ఒడ్డున హైకోర్టు లేచింది, దాని పక్కన సిటీ కాలేజీ లేచింది. కట్టి ఊరుకోలేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి నీళ్లు ఎక్కడి నుంచి వచ్చి పడ్డాయో అధ్యయనం చేయించారు. ఆయన ఎగువకు వెళ్లి చూసి, అక్కడ నీటిని ఆపాలని చెప్పాడు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ అలా పూర్తయ్యాయి. ఒక నర్సు కూలిపోయినప్పుడు కూడా ఎగువకు వెళ్లి చూడాలి. వరసగా ఎన్ని నైట్ డ్యూటీలు వేశారు? ఒక్క సిస్టర్ చేతిలో ఎన్ని మంచాలు పెట్టారు? రోగి చనిపోయిన రాత్రి ఆమెతో ఎవరైనా పది నిమిషాలు కూర్చున్నారా, లేక శవాన్ని అప్పగించగానే పక్క మంచానికి సెలైన్ పెట్టమన్నారా? ఇవి అడగకుండా ‘మనసు గట్టి చేసుకో’ అని చెప్పడం వైద్యం కాదు.

ఆ ఉస్మానియా పాత భవనంలోకి 2020 జులైలో మళ్లీ నీళ్లు వచ్చాయి, వార్డులు ఖాళీ చేసి భవనం మూసేశారు. అది కోవిడ్ కాలం. ఆ రోజుల్లో నర్సులు పీపీఈ కిట్లలో గంటల తరబడి నిలబడ్డారు, ఇంటికి వెళ్లినా పిల్లల్ని దగ్గరికి తీసుకోలేకపోయారు. అంతా సద్దుమణిగాక వాళ్లలో ఎంతమందిని ఎవరైనా కూర్చోబెట్టి ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడిగారు? సీనియర్ల దగ్గర పనిలో చేరాక మీరైనా అడగండి. వాళ్లు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు.

చట్టం ఇప్పుడు మన పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక జబ్బును శరీరపు జబ్బుతో సమానంగా చూడాలంది. ప్రాణం తీసుకోబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగా భావించాలే గాని నేరస్తుడిగా చూడకూడదంది. క్యాజువాలిటీలో అలాంటి కేసు వచ్చినప్పుడు పోలీసు భాషలో ప్రశ్నలు వెయ్యకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలి-మానస్ ఉంది, నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరు రోగుల బంధువులకు రాసివ్వండి. మీ ఫోన్‌లోనూ పెట్టుకోండి, మీ కోసం.

తల్లిదండ్రులారా, మీ అమ్మాయి, మీ అబ్బాయి డ్యూటీ నుంచి వచ్చి మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకుంటే ‘ఈ ఉద్యోగం మానేయ్’ అని తొందరపడకండి, ‘అందరూ చేయడం లేదా’ అని కూడా అనకండి. అన్నం పెట్టి, పక్కన కూర్చోండి. అలాంటి రోజులు రెండు వారాలు దాటితే జ్వరానికి తీసుకెళ్లినట్టే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

విద్యార్థులారా, మీరంతా ఒకే రోజు పట్టా తీసుకుంటున్నారు. మీలో కొందరు రాబోయే ఏళ్లలో ఎప్పుడో ఒకప్పుడు జబ్బుపడతారు. శరీరానికైనా కావచ్చు, మనసుకైనా కావచ్చు. సెలవు మీద వెళ్లి, చికిత్స తీసుకుని, ఓ పొద్దున భయపడుతూ వార్డు తలుపు దగ్గర నిలబడతారు. ఆ పొద్దున వార్డులో ఉన్నవాళ్లకు నేను చేసే విన్నపం ఇదే. గుసగుసలు ఆపండి, ఎదురెళ్లి లోపలికి తీసుకురండి, టీ ఇవ్వండి, డ్యూటీ చార్టులో ఆమె పేరు మళ్లీ రాయండి.